రంధ్రాన్వేషణ గారికి ఒక మనవి

మహారాజశ్రీ రంధ్రాన్వేషణ గారికి,

ఉభయకుశలోపరి. మా కోనసీమలో తమరు కులాసాగా ఉన్నారని ప్రతి పెళ్లి పందిట్లోనూ తెలుస్తూనే ఉందండి.

తమరి పుట్టుక చిన్నదేం కాదు. రంధ్రం, అన్వేషణ కలిస్తే తమరు. కన్నాలు వెతకడమన్నమాట. ఛిద్రాన్వేషణ అనేది తమరి ఇంకో పేరు. ఛిద్రమంటే రాజనీతిలో శత్రువు బలహీనత. రాజన్నవాడు ఎదుటివాడి ఛిద్రం కనిపెట్టాలి, తన గుట్టు మాత్రం తాబేలు అంగాలు దాచుకున్నట్టు దాచుకోవాలి అంటుంది అర్థశాస్త్రం. జ్యోతిష్కులేమో ఆయుష్షు చూసే ఎనిమిదో ఇంటిని రంధ్రస్థానమంటారు. అంత గొప్ప వంశం! ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం? పనసపొట్టు కూరలో ఆవ ఘాటు చాల్లేదని చెప్పడం.

అదీ సూటిగా చెప్పరు. గోదారి నీళ్లు తాగారుగా! "భోజనాలు అదిరిపోయాయండి బాబూ. పూతరేకులు... ఆత్రేయపురానివేనాండీ? ఆయ్, ఊరికే అడిగానండి." ఆ 'ఊరికే'తో పెళ్లికూతురి తండ్రికి రాత్రంతా టెన్షన్. కోడిగుడ్డుకి ఈకలు పీకుతారని తమరి మీద ఓ సామెత ఉంది గానీ, నేనొప్పుకోను. ఈకలు పీకేవాడు కనీసం గుడ్డు చేతిలోకి తీసుకుంటాడు. తమరు విస్తరి వెయ్యకముందే వంక పెట్టగలరు.

నా ఫిర్యాదు అది కాదండి. ఈ డెల్టా బతికేదే గట్ల మీద. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని వెనకాల కాలవలు, ఏటిగట్లు. ఆ గట్లలో ఎండ్రకాయల బొక్కలు, ఎలక కన్నాలు. వరదప్పుడు అలాంటి కన్నంలోంచి నీరు ఊరితే బుంగ పడుతుంది, చూసుకోకపోతే బుంగే గండవుతుంది. 1986 ఆగస్టులో గండ్లు పడి ఊళ్లకి ఊళ్లే మునిగాయి. వెతికిపెట్టినవాడికి జనం దండం పెట్టే రంధ్రాలు ఇక్కడ ఇన్నుంటే, తమరు గట్టెక్కిన పాపాన పోలేదేం? వరద తీసిపోయాక మాత్రం వచ్చి, ఇసక బస్తాలు వంకరగా పేర్చారంటారు.

అందుకని మనవి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకి చేరి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రాత్రి తప్పక దయచేయండి. మా కుర్రాళ్లు కాపలా ఉంటారు. టార్చి తమరే తెచ్చుకోవాలి. టీ మేమిస్తాం, పంచదార సంగతి మాత్రం ఎత్తకూడదు.

ఇట్లు,
గట్టు దిగువన కాపురముంటున్నవాడు