ముందు పరామర్శలు, ఆ తర్వాత విందులు

ఇది 2021 జూన్ నాటి మాట. కరోనా లాక్‌డౌన్‌ను తెలంగాణ ప్రభుత్వం పూర్తిగా ఎత్తేసింది. జూన్ 20 నుంచి హైదరాబాద్‌లో సాయంత్రం ఐదు కాగానే షట్టర్లు దించక్కర్లేదు. చీకటి పడ్డాక చెక్‌పోస్టు దగ్గర బండి ఆపి ఎందుకొచ్చామో చెప్పుకోనక్కర్లేదు. మే 12 నుంచి సరిగా బేరాల్లేక అల్లాడిన ఆటో డ్రైవర్లకు, టిఫిన్ బండ్లవాళ్లకు, బేగంబజార్ హమాలీలకు ఇది పెద్ద ఊరట. ఇంటి అద్దెకు వాయిదా ఉండదు. ఈ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం.

బతుకుదెరువు కోసం బయటికి రావడం తప్పదు. నలుగురిని కలవడం కోసం రావడం మాత్రం మన చేతిలో ఉంది. మాస్కు లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా అప్పటికి ఇంకా అమల్లోనే ఉంది. మిగతాదంతా ఇకపై ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవాల్సిందే. 2021 ఫిబ్రవరిలో రాష్ట్రంలో రోజుకు రెండొందల కేసులు కూడా లేవు. కరోనా పోయిందనుకున్నాం. మాస్కు గడ్డం కిందికి జారింది, పెళ్లిళ్లు మళ్లీ వందల మందితో జరిగాయి. ఏప్రిల్ ఆఖరుకల్లా రోజువారీ కేసులు పదివేలు దాటాయి. ఆక్సిజన్ ట్యాంకర్లను నింపుకురావడానికి బేగంపేట నుంచి ఒడిశాకు వాయుసేన విమానాల్లో పంపాల్సి వచ్చింది. జూన్‌లో తగ్గాయన్నా రోజుకు వెయ్యికి పైగానే వచ్చాయి. అంటే ఫిబ్రవరి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్నప్పుడే మనం తలుపులు తెరిచాం.

అందుకే ముందు పిలుపుల గురించి మాట్లాడాలి. మన దగ్గర శుభలేఖ అందాక వెళ్లకపోవడం చిన్న విషయం కాదు. ‘అంత ప్రేమగా పిలిస్తే మొహం చాటేశారు’ అన్న మాట ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. ఆ నిష్ఠూరం పడలేకే చాలామంది టెన్షన్ పడుతూనే వెళతారు. ఇంట్లో షుగర్ ఉన్న తల్లి, కిడ్నీ జబ్బు ఉన్న మామగారు ఉన్నా వెళతారు. ఈ మొహమాటాన్ని వదిలించాల్సింది పిలిచేవారే. ‘వీలైతే రండి, రాలేకపోతే ఫోన్‌లోనే దీవించండి, మేమేమీ అనుకోం’ అని ఆడపెళ్లివారు, మగపెళ్లివారు ముందే చెబితే ఎంతమందికో బరువు దిగుతుంది. పాతబస్తీ వలీమా దావత్‌కైనా, కూకట్‌పల్లి గృహప్రవేశానికైనా ఇదే మాట. భయపడేవాళ్లను చూసి ‘ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ చాదస్తం’ అని ఎగతాళి చేయడం బొత్తిగా తగదు. ఆ భయం వెనక ఏ ఐసీయూ జ్ఞాపకం ఉందో మనకేం తెలుసు?

వెళ్లదలిస్తే, ఎక్కడ కూర్చుంటామన్నది చూసుకోవాలి. కోవిడ్ రోగులున్న ఆస్పత్రి గదుల్లో గాలిని మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరీక్షించారు. గదిలో రోగులు ఎంత ఎక్కువమంది, ఎంత ఎక్కువసేపు ఉంటే, ఆ గాలిలో వైరస్ దొరికే అవకాశం అంత ఎక్కువని తేలింది. మూసిన గదిలో అగరొత్తి పొగ నిలిచిపోయినట్టే నోటి నుంచి వచ్చే సన్నని తుంపరలూ నిలిచిపోతాయి. ఏసీ వేసి, తలుపులు బిగించి, వేదిక దగ్గర ఫొటోల కోసం గంటసేపు క్యూ కట్టించే ఫంక్షన్ హాలులో చేతికి శానిటైజర్ రాసినంత మాత్రాన ఒరిగేది కొంతే. అదే పెళ్లి డాబా మీదనో, ఆరుబయట షామియానా కిందనో, యాభైమందితో చేస్తే భయం చాలావరకు తగ్గుతుంది. భోజనాల దగ్గర మాస్కు ఎలాగూ తీస్తాం కాబట్టి అవైనా ఆరుబయటే పెట్టాలి.

టీకా వేసుకున్నాం కదా అనేవారు డోసులు లెక్క చూసుకోవాలి. కోవిషీల్డ్ టీకా డోసుల మధ్య గడువు 2021 జూన్‌లో 12 నుంచి 16 వారాలు. ఆ నెల మొదట్లో ప్రత్యేక శిబిరాల్లో వేయించుకున్న క్యాబ్, ఆటో డ్రైవర్లకు రెండో డోసు ఆగస్టు ఆఖరుకు గానీ అందేది కాదు. రక్షణ పూర్తిగా ఏర్పడటానికి ఆ పైన మరో రెండు వారాలు. పిల్లలకైతే అప్పటికి టీకాయే లేదు.

ఈ లెక్కలన్నీ విందుల కోసం. వాటికన్నా ముందు మనం బాకీపడ్డ రాకపోకలు కొన్ని ఉన్నాయి. ఈ రెండు నెలల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు నగరంలో లేని వీధి లేదు. అంత్యక్రియలకు ఇరవై మందికే అనుమతి ఉన్న రోజులవి, ఆ ఇరవై మందీ రాని ఇళ్లు ఎన్నో. ఎన్నో జనాజాలను నలుగురే మోశారు. కొడుకు అమెరికాలో కూర్చుని ఫోన్ తెరమీద తండ్రి పెద్దకర్మ చూశాడు. సానుభూతి అంతా వాట్సాప్‌లో రెండు చేతులు జోడించిన బొమ్మగా వచ్చి ఆగిపోయింది. వచ్చి పక్కన కూర్చుని ‘అసలు ఏం జరిగిందమ్మా’ అని అడిగిన మనిషి లేడు. ఆ ఇంటి ఇల్లాలు భర్త ఆఖరి వారం కథ ఎవరికీ మొదటి నుంచి చివరిదాకా చెప్పుకోనేలేదు. ‘ఇప్పుడెళ్లి ఏం చెబుతాం, ఆలస్యమైపోయింది’ అని వెనకాడొద్దు. ఒకరో ఇద్దరో, ముందు ఫోన్ చేసి, మాస్కు తీయకుండా, వరండాలోనో అపార్ట్‌మెంట్ కింద బెంచీ మీదనో ఓ అరగంట కూర్చోండి. చాయ్ పెడతామంటే వద్దనండి, తప్పు పట్టరు.

వెళ్లినవారు చేయగల సాయం మరొకటి ఉంది. లెక్కాపత్రం అంతా ఇంటాయనే చూసుకున్న ఇళ్లలో ఆయన పోయాక ఏ కాగితం ఎక్కడుందో తెలియదు. బ్యాంకు పాస్‌బుక్ తీసి చూడండి. ఏటా మే ఆఖరులో ప్రీమియం (2021లో 330 రూపాయలు) కోత పడి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఆ కుటుంబానికి 2 లక్షలు రావాలి. కోవిడ్‌తో పోయినా వర్తిస్తుంది, కానీ అడగందే రాదు. నామినీ మరణ ధ్రువపత్రంతో బ్యాంకులో క్లెయిమ్ పెట్టుకోవాలి. అర్హత ఉన్న వితంతువులకు రాష్ట్ర ప్రభుత్వ ఆసరా పథకం కింద 2021లో నెలకు 2,016 రూపాయల పింఛను ఉండేది, దానికి దరఖాస్తు వేరే. ఫారం నింపడానికో, బ్యాంకుకు తోడు వెళ్లడానికో ఓ పూట కేటాయించండి. ఇలాంటి క్లెయిముల కోసం బ్యాంకులు కూడా ప్రతి శాఖలో కొన్నాళ్లపాటు విడిగా ఒక కౌంటర్ తెరిచి, ఖాతాల్లో ఆ కోత ఉన్న మృతుల కుటుంబాలకు తామే కబురు చేయాలి.