ఊలు ఉండల్లో కాదు, మీటర్లలో అడగండి

"స్వెట్టరుకి ఎన్ని ఉండలు పడతాయి?" అని అడగంగానే టకామని జవాబు చెప్పేవాళ్ళ మీద నాకు కోపం. ఐదు చాలంటారు ఒకరు, ఆరంటారు ఇంకొకరు. దుకాణంలో అయితే "ఎందుకైనా మంచిది, ఎనిమిది తీసుకోమా" అంటారు. ఏ రకం ఊలు, ఎంత లావు దారం, ఎవరి చెయ్యి బిగువు, ఎవరి చెయ్యి వదులు? ఇవేవీ అడక్కుండానే లెక్క చెప్పేస్తారు.

తిరుపతిలో మల్లెపూలు కొనేటప్పుడు "రెండు మూరలు ఇవ్వమ్మా" అంటాం. మూర కాస్త కురచ పడితే అక్కడే నిలబడి అడుగుతాం. ఊలు కూడా పొడుగు చూసి కొనాల్సిన సరుకే. మధ్యరకం లావు ఊలైతే 100 గ్రాముల ఉండ ఒకటి ఇంచుమించు 200 మీటర్లు వస్తుంది. సాక్సులకి వాడే సన్న రకం అదే 100 గ్రాములకి 400 మీటర్ల దాకా వస్తుంది. తక్కెట్లో రెండూ సమానమే. మంచి ఊలైతే లేబుల్ మీద గ్రాముల పక్కనే మీటర్లు కూడా అచ్చేసి ఉంటాయి. ఆ కాగితం చింపి పారేసి అల్లడం మొదలుపెట్టకండి. అసలు లేబులే లేకుండా విడిగా అమ్మే ఊలు నేనైతే పెద్ద పనికి కొనను.

మన ఎండలకి కాటన్ దారమే నప్పుతుంది. పసిబిడ్డల చొక్కాలు, గుమ్మానికి తోరణాలు, టీవీ మీద గుడ్డలు అన్నీ దాంతోనే. కానీ నెట్‌లో దొరికే డిజైన్లు చాలావరకు చలిదేశాల వాళ్ళు గొర్రె ఉన్నితో అల్లినవి. ఉన్ని కంటే, అక్రిలిక్ కంటే కాటన్ బరువైన పీచు. దారం అంతే లావున్నా 100 గ్రాములకి మీటర్లు తగ్గుతాయి. స్వెట్టరుకి వాళ్ళు 500 గ్రాములన్నారని మనమూ 500 గ్రాముల కాటన్ తెస్తే చేతుల దగ్గరికి వచ్చేసరికి అయిపోతుంది. రెండు సూదులతో అల్లే డిజైన్‌ని క్రోషాలోకి, అంటే ఒకే కొక్కెం సూదితో అల్లే పద్ధతిలోకి మారిస్తే ఇంకో దెబ్బ. అదే కొలత గుడ్డకి క్రోషా సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఎక్కువ దారం తింటుంది. జడల డిజైన్లు కూడా సాదా అల్లిక కంటే ఎక్కువే లాగుతాయి.

"తక్కువైతే మళ్ళీ తెచ్చుకోవచ్చులే" అనే మాట ఇంకా పెద్ద అన్యాయం. మా వీధిలో ఒక పెద్దమ్మ మదనపల్లెలో ఉండే మనవడికి మెరూన్ స్వెట్టరు అల్లింది. ఒక చెయ్యి మిగిలుండగా ఊలు అయిపోయింది. అదే కంపెనీ, అదే రంగు నంబరు తెచ్చుకుంది. దుకాణంలో ట్యూబ్‌లైటు కింద రెండూ ఒకటే. మిద్దె మీద ఎండలో చూస్తే ఆ చెయ్యి వేరే రంగు. అద్దకం విడతకీ విడతకీ రంగు కొంచెం మారుతుంది. అందుకే లేబుల్ మీద లాట్ నంబరని వేరేగా వేస్తారు. పాత ఊలు ఇంకా మిగిలుండగానే రెండు వరసలు పాతది, రెండు వరసలు కొత్తది మార్చి మార్చి అల్లితే తేడా చాలావరకు కలిసిపోయేది. ఆ సంగతి ఆమెకి అమ్మినవాళ్ళూ చెప్పలేదు, నేర్పినవాళ్ళూ చెప్పలేదు. కళ్ళు లాగుతున్నా రాత్రుళ్ళు కూర్చుని చేసిన పని అది.

లెక్క కష్టమేం కాదు. ముందు ఒక్క ఉండే కొనండి. అసలు పనికి వాడే సూదితో, అదే డిజైన్‌లో 15 సెంటీమీటర్ల చదరం ముక్క అల్లండి. ఉతికి, బాగా ఆరాక కొలిచి, తూకం వెయ్యండి. వంటింటి డిజిటల్ కాటా చాలు. పసిబిడ్డ దుప్పటి 75 బై 90 అనుకుందాం. అంటే 6,750 చదరపు సెంటీమీటర్లు. మీ ముక్క 225. దుప్పటికి అలాంటివి 30 ముక్కలు. ముక్క 11 గ్రాములు తూగితే 330 గ్రాములు. పదో వంతు కలిపితే 363. 50 గ్రాముల ఉండలైతే ఎనిమిది. అంచు వేరే అల్లేట్టయితే దానికి మళ్ళీ కలపండి. ఆ ఎనిమిదీ ఒకే లాట్‌లో ఒకేసారి తెచ్చుకోండి. మొదట కొన్నదాని లాట్ దొరక్కపోతే దాన్ని పక్కన పెట్టేయండి. ఈ ముక్క అల్లేది మీ చేత్తో కాబట్టి మీ బిగువు కూడా లెక్కలోకి వచ్చేసినట్టే.

గుండ్రంగా అల్లేవాళ్ళకి మాత్రం ఒక హెచ్చరిక. బొమ్మల కొలువుకి గుండ్రటి గుడ్డ అల్లుతూ "మధ్య నుంచి అంచుకి సగం దూరం వచ్చేశాను, సగం దారం ఉంది, సరిపోతుంది" అనుకుంటారు. సరిపోదు. అక్కడికి అయింది నాలుగో వంతే. వలయం పెరిగేకొద్దీ ఒక్కో చుట్టూ ముందుదాని కంటే ఎక్కువ తింటుంది. మొత్తంలో సగం దారం అయ్యేది పది పాళ్ళ దూరంలో ఏడు పాళ్ళు దాటాకే. ఒక మూల నుంచి మొదలుపెట్టి వెడల్పు చేసుకుంటూ పోయే శాలువకీ ఇదే లెక్క.

వీడియోల్లో నేర్పే అక్కలకి, చెల్లెళ్ళకి నా విన్నపం ఒకటే. "మూడు ఉండలు పట్టాయి" అని వదిలెయ్యకండి. దారం ఎన్ని మీటర్లు అయిందో, సూది ఎన్ని మిల్లీమీటర్లదో, పది సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు వచ్చాయో చెప్పండి. అర నిమిషం కూడా పట్టదు.