డోసు చెప్పకుండా మందు చేతికివ్వొద్దు

అర్ధరాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే తల్లి చేతికి అందేవి రెండే: పారాసిటమాల్ సీసా, వంటింటి చెంచా. ఎంత పట్టాలి? ఈ మందును పిల్లల బరువును బట్టి లెక్కగట్టాలి. ఒక్కసారికి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంటే 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు దాటకూడదు. మళ్లీ పట్టాలంటే కనీసం నాలుగు గంటలు ఆగాలి. చిక్కంతా సీసాలతోనే. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉంటే మరోదాంట్లో 250 ఉంటాయి. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండొచ్చు. సిరప్ అనుకుని ఆ చుక్కల మందును 5 మిల్లీలీటర్లు పట్టేస్తే బిడ్డ ఒంట్లోకి 500 మిల్లీగ్రాములు పోతాయి. ఆ తల్లిని తప్పుపట్టే ముందు, ఆమెకు ఈ లెక్క ఎవరైనా చెప్పారా అని అడగాలి.

ఎంత వేసుకోవాలన్నదానితో డోసు అయిపోదు. ఎన్ని గంటలకోసారి, ఎన్నాళ్లు అన్నవీ అందులో భాగమే. చాలా మందులను కాలేయం విరగ్గొడుతుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. వయసు మీద పడ్డాక ఆ పని నెమ్మదిస్తుంది కాబట్టి, నడివయసులో సరిపోయిన మోతాదే తర్వాత ఎక్కువైపోవచ్చు. ఒకపూట మర్చిపోయామని తర్వాతి పూట రెండు మాత్రలు వేసుకోవడమూ ప్రమాదమే.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకునే మాత్రల మధ్య ఇదీ ఉంటే చెయ్యి అలవాటుగా దానిమీదికే పోతుంది. అలా రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. ప్రాణాలే పోయిన సందర్భాలున్నాయి. ‘వారానికి ఒక్కసారే’ అన్న రెండు మాటలు గట్టిగా చెప్పి ఉంటే ఆపగలిగిన చావులివి.

మందుల పొరపాట్ల వల్ల జరిగే తీవ్రమైన హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో లక్ష్యం పెట్టింది. ఆ ఐదేళ్లూ ఎప్పుడో గడిచిపోయాయి. చీటీ మీద ఎవరికీ అర్థం కాని గీతలు గీసి పంపడం మాత్రం ఇంకా పోలేదు. డాక్టర్లకు పని ఒత్తిడి ఉందని మాకు తెలుసు. అయినా ఈ విషయంలో మినహాయింపు ఇవ్వలేం.

పిల్లల చీటీలో బరువు రాయాలి. సిరప్ మోతాదును చెంచాల్లో కాకుండా మిల్లీలీటర్లలో రాయాలి. ప్రతి సీసాతోపాటు గీతలున్న కొలత కప్పో సిరంజో ఇవ్వాలి. వారానికోసారి వేసుకునే మాత్రకు ఏ రోజో పేరుతో సహా రాయాలి. మందులిచ్చేవారు చివర్లో ‘ఇది ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పండి’ అని అడగాలి. తప్పు చెబితే అక్కడే దిద్దొచ్చు, మందు ఇంకా కౌంటర్ మీదే ఉంటుంది.