‘ఎక్స్‌ట్రా ఐటమ్స్‌లో లాగేద్దాం’ అనే పెద్దమనుషులకు

సర్కారు పనులకు ‘టెండర్ కొట్టే 7 సూత్రాలు’ అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. రేణిగుంట నుంచి ఒకరు, చంద్రగిరి నుంచి ఒకరు, పుత్తూరు నుంచి ఇంకొకరు. కింద ‘తోటి కాంట్రాక్టర్లకు పంపి మేలు చేయండి’ అని రెండు దండాలు. ఏపాటి మేలో చూద్దాం.

చదరపు అడుగుకు 4 కేజీల స్టీలు, 0.4 బస్తా సిమెంటు వేసుకుంటే డ్రాయింగు చదవక్కర్లేదట. కాంపౌండు గోడకూ సంపుకూ ఓవర్‌హెడ్ ట్యాంకుకూ చదరపు అడుగులు ఎక్కడున్నాయి సామీ? కడ్డీల లెక్క కడ్డీ కడ్డీకీ రాయాల్సిందే. 8 ఎంఎం మీటరుకు 0.395 కేజీ, 12 ఎంఎం 0.89, 16 ఎంఎం 1.58. రెండు కడ్డీలు ఒకదానిపై ఒకటి ఎక్కే ల్యాపు వ్యాసానికి 50 రెట్లు అంటే 12 ఎంఎంకి ఒక్కో అతుకు దగ్గర 600 మిల్లీమీటర్లు. కోతలో మిగిలే తుంపులు, టన్నుకు 8 నుంచి 10 కేజీలు పట్టే బైండింగ్ వైరు బిల్లు కొలతలు రాసే ఎం-బుక్కులోకి ఎక్కవు. పైగా సన్న కడ్డీ బరువు 7 శాతం దాకా అటూ ఇటూ ఉండొచ్చని కడ్డీల ప్రమాణం ఐఎస్ 1786 ఒప్పుకుంటుంది. మనం కొనేది తూకం మీద, బిల్లయ్యేది పొడవును బట్టి పట్టికలోని బరువు మీద. బరువెక్కువ లాటు దిగితే ఆ తేడా మనదే. 4 కేజీల లెక్క పనికొచ్చేది అంతా కొలిచాకే: భాగిస్తే 7 వచ్చిందంటే ఏదో స్లాబు రెండుసార్లు ఎక్కింది, 2 వచ్చిందంటే ప్లింత్ బీములు మర్చిపోయారు.

ఇసుక ఫ్రీ కాబట్టి సున్నా వేసుకోవాలట. 2024 జులై నుంచి ఇసుక ఫ్రీయే, ఎత్తినందుకూ తోలినందుకూ డబ్బులు ఫ్రీ కాదు. తడి ఇసుక పొంగుతుందన్న సంగతి కూడా ఈ సూత్రకారుడికి ఎవరూ చెప్పినట్టు లేదు. 5 శాతం తేమకే పావు వంతు పొంగితే, టిప్పర్లో కొలిచి దించుకున్న 10 యూనిట్లు ఆరాక 8 యూనిట్లే.

సైటు చూడక్కర్లేదు, ఫోన్లో మ్యాపు చాలట. అలిపిరి వైపు కొండవారన బండ తగిలితే మ్యాపు చెబుతుందా? ఇళ్ల మధ్య పేల్చనివ్వరు, బ్రేకరు పెట్టి గంటల లెక్కన కొట్టించాలి. షెడ్యూలులో, అంటే టెండరుతో ఇచ్చే పనుల పట్టికలో, ఆ ఐటం ‘బ్లాస్టింగ్ నిషిద్ధం’ అని ఉందా, మామూలు రాతి రేటుతో ఉందా చూసుకోవాలి. స్వర్ణముఖి వారనైతే కథ వేరు, అక్కడ ఊట. ఐటం వివరంలో ‘నీళ్లు తోడటంతో సహా’ అన్న మూడు మాటలుంటే మోటరు, డీజిలు, రాత్రి కాపలా అన్నీ ఆ రేటులోనే. సెప్టెంబరులో తెరిచిన టెండరుకు అగ్రిమెంటయ్యి పునాది తీసేసరికి నవంబరు, అంటే మనకు అసలు వానలు. 2021 నవంబరులో తిరుపతి వీధులెట్లా ఉన్నాయో గుర్తుంటే చాలు. సామాను ఎక్కడి నుంచి ఎంత దూరం తోలాలో చెప్పే లీడు చార్టు పట్టుకొని అందులో రాసిన క్వారీ దాకా కూడా వెళ్లాలి. అది మూతపడి ఉంటే కంకర ఇంకో పక్క నుంచి వస్తుంది, ఆ అదనపు కిలోమీటర్లకు బిల్లు రాదు.

కోటు చివరి అంకె 9 ఉంటే కలిసొస్తుందన్న సూత్రానికి జవాబు అక్కర్లేదు. గోవిందా!

ఇక అసలు విషం. 22 లెస్‌కి, అంటే సర్కారు అంచనా కన్నా 22 శాతం తక్కువకి, వేసి పని పట్టుకో, పోయింది ఎక్స్‌ట్రా ఐటమ్స్‌లో, అంటే ముందు అనుకున్నదానికి మించి చేసే పనుల్లో, లాగు అని. చాలామంది నమ్మేదీ ఇదే, మునిగేదీ ఇక్కడే.

సర్కారు రేట్ల పట్టిక ఎస్ఎస్ఆర్ డేటాలో ఓవర్‌హెడ్డూ లాభమూ కలిపి వేసేది 14 శాతం లోపు. అంటే 100 రూపాయల రేటులో అసలు ఖర్చు 88 దాకా ఉంది. 22 లెస్ అంటే 78. సర్కారు లెక్కలోనే వందకు 10 చొప్పున ఎదురు పెట్టుకొని పని మొదలు. దీన్ని ఎక్స్‌ట్రాలో లాగాలి కదా, అగ్రిమెంటు తెరవండి. షెడ్యూలు పరిమాణం దాటిన పనికి ఇచ్చేది టెండరు రేటు, లేదా అంచనా రేటు మీద అదే టెండరు శాతం, ఏది తక్కువైతే అది. కొత్త ఐటమైనా ఎస్ఎస్ఆర్ నుంచి రేటు కట్టి దాని మీదా మన లెస్సే కోస్తారు. 22 లెస్ మనల్ని వదలదు.

పునాది 1.5 మీటర్లని వేశారు, గట్టి నేల 2.2 దగ్గర తగిలింది అనుకుందాం. 2 మీటర్ల చదరం గుంతలు 40. అదనపు తవ్వకం 112 ఘనపు మీటర్లు, అదీ లోతు పెరిగే కొద్దీ పక్కలు విరిగిపడే మట్టి. ఇదంతా 22 లెస్‌లోనే. నష్టానికి చేసే పని ఎక్కువైతే నష్టం ఎక్కువవుతుంది గానీ లాభం ఏ గుంతలోంచి ఊరుతుంది? ఆ డబ్బైనా ఇప్పుడే వస్తుందా? పెరిగిన పని లెక్క చూపే డీవియేషన్ స్టేట్‌మెంటు అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) దగ్గర పుట్టి పైదాకా ఎక్కి దిగాలి, అప్పటిదాకా కొలతలున్నా బిల్లు లేదు. ఇక్కడ 30 లక్షలు 6 నెలలు ఆగితే రెండు రూపాయల వడ్డీకి 3 లక్షల 60 వేలు. అది ఏ సూత్రంలో ఉంది?

మరి ఎక్కడ లాగుతారో అందరికీ తెలుసు. ఎం20 రకం కాంక్రీటుకు ఘనపు మీటరుకు 8 బస్తాల సిమెంటు పోయాల్సిన చోట 6 పోస్తారు. స్లాబు కారితే డిఫెక్ట్ పీరియడ్‌లో, అంటే లోపాలకు మన పూచీ ఉండే గడువులో, మళ్లీ మనమే బాగుచేయాలి. బిల్లుల్లో 7.5 శాతం చొప్పున పట్టుకున్న సెక్యూరిటీ డబ్బు (ఎఫ్ఎస్‌డీ) వాళ్ల చేతిలోనే ఉందాయె. 25 లెస్ కూడా దాటిన వీరులైతే, 75 శాతానికీ తమ కోటుకూ ఉన్న తేడాను ముందే సెక్యూరిటీగా కట్టాలి. కోటి పనికి 30 లెస్ అంటే 5 లక్షలు పని మొదలుకాకముందే ఇరుక్కున్నట్టు.

జీఎస్టీతో మనకు పనిలేదట. బిల్లు లేకుండా కొన్న కంకరకు పన్ను క్రెడిట్, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపు, ఎవరిస్తారు? చాలు.

అయితే లెస్ వేసిన ప్రతివాడూ వెర్రివాడని అనలేం. సొంత జేసీబీ, రెండు టిప్పర్లు ఉండి, వాటి మీద అప్పు తీరిపోయి, చెరువు కట్ట లాంటి మట్టిపని ఊరి పక్కనే దొరికితే, 22 లెస్‌లోనూ మిగులుతుంది. అద్దె బండి లెక్కతో కట్టిన రేటుకు వాడికయ్యేది డీజిలూ డ్రైవరు జీతమూ రిపేర్లూ మాత్రమే. అది చూసి బండి అద్దెకు తెచ్చేవాడు అదే 22 లెస్ భవనానికి వేస్తాడు, ఆ పనిలో సగానికి పైగా సిమెంటూ స్టీలూ కంకరా అయినా. వాటిని ఏ కంపెనీ 22 లెస్‌లో ఇస్తుందో దాని నంబరు కూడా మెసేజ్‌లో పెట్టి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ని.