ఆటలమ్మ పేరంటం

పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక శుభలేఖ పడింది. "మా బాబుకి ఆటలమ్మ పోసింది. మీ పిల్లలకి ఇంకా రాకపోతే సాయంత్రం 5 నుంచి 7 లోపు మా ఫ్లాటుకి పంపండి. చిన్నప్పుడే వచ్చేస్తే మంచిది, ఇమ్యూనిటీ నేచురల్‌గా వస్తుంది. స్నాక్స్ ఉంటాయి." కొత్తావకాయ కలిపాం, గిన్నె పట్టుకుని రండి అన్నంత ఆప్యాయంగా ఉంది. పది నిమిషాల్లో పద్నాలుగు బొటనవేళ్ళు లేచాయి. ఒకావిడ దణ్ణం బొమ్మ పెట్టారు. ఇంకొకావిడ, "మా పాపకి ఆరింటికి డాన్స్ క్లాసండీ, ఐదింటికి పంపితే ఆ గంటలో అంటుకుంటుందా?" అని అడిగారు.

మాది విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ. గేటు పక్కన ఒక వేపచెట్టుంది. ఆకులు రాలి కారు మీద పడుతున్నాయని దాన్ని కొట్టించాలని రెండేళ్ళుగా తీర్మానాలు చేస్తున్నాం. చెట్టు సంగతి మళ్ళీ వస్తుంది.

ఈ పేరంటానికి నా సంపూర్ణ మద్దతు ప్రకటిస్తున్నాను. నేచురల్ ఇమ్యూనిటీ అబద్ధమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ పోయడం చాలా అరుదు, అది నిజం. నా బాధల్లా ఒకటే. ఇంత మంచి కార్యక్రమం ఒక పద్ధతీ పాడూ లేకుండా జరిగిపోతోంది. అందుకని నిర్వాహకులకి నాకు తోచిన నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

ముందు ముహూర్తం. పొక్కులు కనిపించాక పిలుస్తున్నారు. అప్పటికే ఆలస్యం. ఒంటి మీద పొక్కు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందే పిల్లాడు అంటించడం మొదలుపెడతాడు. అంటే శుక్రవారం స్కూలు బస్సులో, శనివారం ట్యూషన్‌లో, ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం నలుగురూ పంచుకున్నప్పుడు అసలు పెళ్ళి అయిపోయింది. ఆదివారం మీరు చేస్తున్నది రిసెప్షన్.

పోనీ, తాంబూలం అందిందో లేదో అక్కడికక్కడ తేలుతుందా అంటే, అదీ లేదు. పదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా ఎప్పుడైనా తేలవచ్చు. ఎక్కువమందికి రెండు వారాలు పడుతుంది. ఫిబ్రవరి మధ్యలో పేరంటానికి వెళ్ళొస్తే ఫలితం మార్చిలో. మార్చి అంటే మన ఇళ్ళల్లో ఏమిటో చెప్పక్కర్లేదు. మూడో తరగతి తమ్ముడు సరదాగా వెళ్ళొస్తాడు, ఇంటర్ అన్నయ్యకి హాల్ టికెట్‌తో పాటు వాడి చేతి తాంబూలం కూడా అందుతుంది. ఇంట్లో ఒకరికి వస్తే, అంతవరకు రానివాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి వచ్చి తీరుతుంది. ఇంత గ్యారంటీ మన ఊళ్ళో ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వలేదు.

తర్వాత పిలుపులు. శుభలేఖ పిల్లలకి మాత్రమే వేశారు గానీ, ఆటలమ్మకి ఆ పట్టింపు లేదు. గాలిలో వస్తుంది, పొక్కులు తగిలితే వస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నది ఒకే లిఫ్టు. రెండో అంతస్తు పిన్నిగారి అమ్మాయి పురిటికి వచ్చింది, ఎనిమిదో నెల నిండింది. ఆమెకి చిన్నప్పుడు వచ్చిందో లేదో పిన్నిగారికి గుర్తులేదు. "వచ్చే ఉంటుంది లెండి, మాకు ఇద్దరు పిల్లలు, ఎవరికి ఏమొచ్చిందో ఎక్కడ గుర్తు!" అన్నారు. కాన్పుకి అయిదు రోజుల ముందు నుంచి, అయిన రెండు రోజుల దాకా తల్లికి ఆటలమ్మ పోస్తే, తల్లి ఒంట్లో తయారయ్యే రక్షణ బిడ్డకి చేరేలోపే వైరస్ చేరుతుంది. అది పసిగుడ్డు ప్రాణం మీదికి వస్తుంది. కనుక నా మనవి, పేరంటం జరిగే రెండు గంటలూ లిఫ్టు ముందు ఒక బోర్డు పెట్టండి. బోర్డు మీద ఏం రాయాలో నాకు తోచలేదు. నిర్వాహకులే ఆలోచించాలి.

మగవాళ్ళ సంగతి వేరు. "మాకు చిన్నప్పుడే వచ్చి ఉంటుంది" అని అందరూ గుండె మీద చెయ్యేసుకుని చెప్తారు. చలి దేశాల్లో అయితే చాలావరకు నిజమే, అక్కడ పెద్దయ్యేలోపే దాదాపు అందరికీ వచ్చేసేది. మనలాంటి వేడి దేశాల్లో పెద్దయ్యేదాకా రాకుండా మిగిలిపోయేవాళ్ళు ఎక్కువ. పెద్దయ్యాక వస్తే అది పిల్లల ఆట కాదు. జ్వరం ఎక్కువ, పొక్కులు ఎక్కువ, ఊపిరితిత్తులకి పాకి న్యుమోనియా అయ్యే ప్రమాదమూ ఎక్కువ. అంటే మా పేరంటంలో పిల్లలు ఇమ్యూనిటీ తీసుకుంటారు, దాని బిల్లు నాన్నగారి పేరు మీద వస్తుంది.

"ఇది మన పెద్దలు చేసిందే కదండీ" అని గ్రూపులో ఎవరో అన్నారు. ఇక్కడ మాత్రం మా నానమ్మ తరఫున ఒక మాట చెప్పాలి. ఆవిడది భీమిలి పక్క పల్లె. మశూచిని కళ్ళారా చూసిన మనిషి. ఆ పెద్దమ్మోరు మన దేశం వదిలిపోయిందని 1977లో ప్రకటించినా ఆవిడ నమ్మలేదు. "ఎక్కడికి ఎల్తాది, ఏ మూలో కూకుంటాది" అనేది. నా చిన్నప్పుడు పక్కింటి గుంటడికి ఆటలమ్మ పోస్తే, గోళీలకి వాడిని పిలుద్దామని వాళ్ళ గడప దాకా వెళ్ళాను. వెనకనించి జుట్టు దొరకబుచ్చుకుంది. "అమ్మోరు పోసినింటికి ఎల్తావేట్రా? గుమ్మానికి మండ కనబళ్ళేదేట్రా?"

గుమ్మానికి వేపమండ కట్టారంటే అర్థం అదీ. లోపలికి రాకండి అని. ఆ ఇంట్లో పోపు వెయ్యరు, చుట్టాలు రారు, ఆ ఇంటి పిల్లలు బడికి వెళ్ళరు. పిల్లాడి బట్టలు వేరు, కంచం వేరు. తొమ్మిదో రోజున వేపాకు, పసుపు వేసిన నీళ్ళు తలమీద పోసేదాకా వాడు గది దాటడు. అప్పటికి పొక్కులు మాడి పెచ్చు కట్టి ఉండేవి. ఇవాళ డాక్టర్లు చెప్పేదీ అదే, అన్నీ పెచ్చు కట్టేదాకా పిల్లాడిని ఇంట్లో ఉంచండి అని. పోపు వెయ్యకపోతే ఏమొస్తుందో నాకు తెలీదు గానీ, గడప దగ్గర మనిషిని ఆపడంలో మా నానమ్మకి వంక పెట్టలేం. పిలిచి పేరంటం చెయ్యడం ఆవిడ ఎరగని ఆచారం.

ఈ ఆచారం బాగా సాగిన చోటు అమెరికా. వ్యాక్సిన్ రాకముందు అక్కడి తల్లులు పిల్లల్ని కూడగట్టి ఇలాంటి పార్టీలు చేసేవారు. 1995లో అక్కడ వ్యాక్సిన్‌కి అనుమతి వచ్చింది. అయినా కొందరు వదల్లేదు. 2011లో ఆటలమ్మ పోసిన పిల్లలు నాకిన లాలీపాప్‌లని యాభై డాలర్లకి పోస్టులో పంపుతామని ఫేస్‌బుక్‌లో అమ్మకానికి పెట్టారు. పోస్టులో వైరస్ పంపడం నేరమని ప్రభుత్వ ప్రాసిక్యూటర్ చెప్పాల్సి వచ్చింది. కెంటకీ రాష్ట్ర గవర్నర్ మ్యాట్ బెవిన్ 2019లో రేడియోలో మాట్లాడుతూ, తన తొమ్మిదిమంది పిల్లల్నీ కావాలనే ఆటలమ్మ పోసిన పొరుగింటికి తీసుకెళ్ళానని గర్వంగా చెప్పుకున్నాడు. తొమ్మిదిమంది! మన స్నాక్స్ చాలవు.

నేను కూడా నేచురల్‌గా సంపాదించుకున్నవాణ్ణే. నానమ్మ జుట్టు పట్టి లాగినా గోళీలు ఆగలేదు, ఏడేళ్ళకే వచ్చింది. వేపాకుల పక్క మీద పడుకున్నాను. మామిడిపండు రసం తాగాను. దురదకి వేపమండతో నిమరడమే తప్ప గోకనివ్వలేదు. ఒక్కటి గోకేశాను, అది ఇప్పటికీ కనుబొమ్మ మీద గుంటగా ఉంది. నలభై ఏళ్ళు దాటేదాకా ఆ ఇమ్యూనిటీని చూసి మురిసిపోయాను కూడా.

నాకు ఎవరూ చెప్పనిదేమిటంటే, ఆటలమ్మకి నీళ్ళు పోసి పంపించామనుకుంటాం గానీ ఆవిడ వెళ్ళదు. వెన్నుపూస పక్కన నరాల ముళ్ళల్లో అద్దె లేకుండా కాపురం పెడుతుంది. నలభై తొమ్మిదో ఏట, పని ఎక్కువై నిద్ర తక్కువైన రోజుల్లో, ఒక రాత్రి నిద్ర లేచి గోడ తట్టింది. కుడి పక్కన వీపు నుంచి రొమ్ము దాకా బెల్టు కట్టినట్టు మంట, మూడోనాటికి పొక్కులు. విశాఖలో మే నెల ఉక్కకి చెమట పొక్కులనుకుని పౌడరు జల్లుకున్నాను. మా పెద్దమ్మ చూసి గుండెలు బాదుకుంది. "సర్పిరా నాయనా! తలా తోకా కలవకుండా చూసుకో." అవి కలవవు, ఒక పక్కనే ఉంటాయని తర్వాత తెలిసింది. మొదటి మూడు రోజుల్లో మందు మొదలుపెడితే బాగుండేదనీ ఆ తర్వాతే తెలిసింది. పొక్కులు మూడు వారాల్లో పోయాయి. నొప్పి నాలుగు నెలలుంది. చొక్కా గుడ్డ తగిలితే నిప్పు తగిలినట్టుండేది. రాత్రి రెండింటికి చొక్కా లేకుండా బాల్కనీలో నిలబడేవాణ్ణి, సముద్రం గాలి తగిలినా మండేది. ఎదురు బిల్డింగ్ వాళ్ళు నేను యోగా చేస్తున్నాననుకున్నారు.

కాబట్టి శుభలేఖలో "ఇమ్యూనిటీ" పక్కన చిన్న అక్షరాలతో ఒక ముక్క చేర్చాలి. రెండో విడత వాయనం యాభై దగ్గర పడ్డాక ఇవ్వబడవచ్చు.

వ్యాక్సిన్ సంగతి కూడా చర్చకొచ్చింది. మిచియాకి తకహాషి అని జపాన్‌కి చెందిన ఒక వైద్యుడు. 1964లో ఆయన మూడేళ్ళ కొడుక్కి ఆటలమ్మ పోసి పిల్లాడు చాలా అవస్థ పడ్డాడు. పక్కన కూర్చుని రాత్రంతా చూసిన తండ్రి పదేళ్ళు కష్టపడి, 1974లో ఆ వైరస్‌నే బలం తగ్గించి వ్యాక్సిన్ చేశాడు. ఏ పిల్లాడి పొక్కుల్లోంచి ఆ వైరస్ తీశాడో ఆ ఇంటిపేరు ఓకా, నేటికీ దాన్ని ఓకా అనే పిలుస్తారు. అదీ ఆటలమ్మే, కాకపోతే కొలిచి ఇస్తారు. మా వాళ్ళ అభ్యంతరం బహుశా అక్కడే. ఇంటికొచ్చిన పిల్లాడికి కొలిచి వడ్డిస్తామా? మన వడ్డన చేతికొచ్చినంత.

మన పిల్లల డాక్టర్లు ఏడాది దాటాక మొదటి డోసు, తర్వాత రెండోది వేయించమంటారు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల్లో ఇది లేదు, డోసుకి రెండు వేలు అటూ ఇటూ పెట్టి కొనుక్కోవాలి. మా గ్రూపులో బొటనవేళ్ళు ఎత్తిన పద్నాలుగు ఇళ్ళకీ అది లెక్కలోది కాదు, పుట్టినరోజు కేకు మీద బొమ్మకే అంతకన్నా ఎక్కువ పెడతారు. లెక్కలోకి వచ్చేది మా వాచ్‌మన్‌కి. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, మెట్ల కింద గదిలో ఉంటారు. వాళ్ళని ఎవరూ పేరంటానికి పిలవలేదు. పేరంటానికి వచ్చిన పిల్లలు మాత్రం కిందికి దిగి వాళ్ళతోనే ఆడుకున్నారు.

పదిహేడో రోజున గ్రూపులో మళ్ళీ సందడి. పేరంటం చేసినావిడే పెట్టారు. "మా వారికి నూట మూడు జ్వరం, ఒళ్ళంతా పొక్కులు, దగ్గు కూడా ఉంది. హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నాం. బాబుని స్కూల్ నుంచి ఎవరైనా తెస్తారా ప్లీజ్?" ఈసారి బొటనవేళ్ళు లేవలేదు. దణ్ణం బొమ్మలు తొమ్మిది వచ్చాయి. రెండో అంతస్తు పిన్నిగారు కూతుర్ని అంతకు నాలుగు రోజుల ముందే గాజువాకలో చెల్లెలి ఇంటికి పంపేశారు, ఎవరితో మాట్లాడటం లేదు.

కిందికి దిగితే వేపచెట్టు దగ్గర క్యూ ఉంది. డాన్స్ క్లాసు పాప వాళ్ళమ్మ, ఇంటర్ కుర్రాడి నాన్న, ఇంకా ఇద్దరు. చేతికందే కొమ్మలన్నీ అప్పటికే బోసిపోయాయి. వాచ్‌మన్ కొడవలి కట్టిన గెడకర్ర పట్టుకుని పైకి చూస్తున్నాడు. అందరికీ తలా ఒక మండ కోసిచ్చి, చివరికి రెండు లేతవి కోసి విడిగా గోడ మీద పెట్టుకున్నాడు.

"అవెవరికి?" అన్నాను.

"మా గుంటలకి బాబూ" అన్నాడు.