పంట బోదెలను మింగుతున్న వెంచర్లు

గోదావరి డెల్టాలో పొలం కొని ప్లాట్లు వేసే వ్యాపారానికి డబ్బుకంటే గడువే అసలు పెట్టుబడి. రైతుకు కొంత బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాయించుకుంటారు. గడువులోగా మెరక (నేల ఎత్తు పెంచే మట్టి) తోలి, కంకర రోడ్డు పరిచి, హద్దురాళ్లు పాతి, కొనేవాళ్లను వెతికి తెచ్చి, రైతు చేతే నేరుగా వాళ్ల పేర రిజిస్ట్రేషన్ చేయిస్తారు. ఇలా జరిగినచోట మధ్యలో లాభం తీసుకున్న మనిషి పేరు దస్తావేజులో కనపడదు. రేపు హద్దు తేడా వచ్చినా, ప్లాటులో మోకాలి లోతు నీరు నిలిచినా అమ్మకందారుగా సంతకం పెట్టిన రైతే జవాబు చెప్పుకోవాలి.

ఎకరమంటే 4,840 గజాలు. రోడ్లకూ ఉమ్మడి ఖాళీ స్థలానికీ నలభై శాతం వదిలితే అమ్మకానికి మిగిలేది 2,904 గజాలే. గజం ధర చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, లాభం తేలేది ఈ వదిలే నేల దగ్గరే. అందుకే రోడ్డు సన్నబడుతుంది, పార్కు ప్లానులోనే ఉండిపోతుంది. వీటి గురించి ప్లాటు కొన్నవాళ్లయినా గొడవ చేస్తారు. చేల మధ్య నీరు పారే చిన్న కాలువ, అంటే పంట బోదె, పోతే అడిగేవాడు ఆ వెంచర్‌లో ఉండడు. అతను పక్క చేలో ఉంటాడు.

ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయిన నాటినుంచి ఈ నేలకు నీళ్లు రావడంకంటే పోవడమే కష్టమైంది. చేలో నిలిచిన నీరు బోదెలోకి, అక్కడినుంచి చిన్న డ్రెయిన్లోకి, ఆపైన కౌశిక, తుల్యభాగ, యనమదుర్రు లాంటి పెద్ద డ్రెయిన్లలోకి చేరి సముద్రం దారి పట్టాలి. ఈ మురుగు సమస్యపైనే 1960ల్లో మిత్ర కమిటీ పేరిట నిపుణుల సంఘం వేశారు. డ్రెయిన్ల బాగు కోసం 1968లో చట్టం చేసి మరీ రైతులపై సెస్సు వేశారు. 2011 సార్వాలో (వానాకాలపు వరి పంటలో) కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో ముంపూ ఒకటి. ఎక్కడో దిగువన డ్రెయిన్ తవ్వించి, ఎగువన ఒక ఎకరం వెంచర్ కోసం నాలుగడుగుల మెరకతో బోదె పూడ్చనిస్తే ఆ ఖర్చంతా దేనికి? ఒక్క వానకు నాట్లు కుళ్లిపోయిన పక్క రైతు, మరుసటి ఏడాది తన చేనూ అమ్మకానికి పెడతాడు. కొనేది మళ్లీ ఆ వ్యాపారే కావచ్చు, అదీ తక్కువ ధరకు.

చట్టం లేక కాదు. ఒక దారిన ఇరవై ఏళ్లు ఎవరి అనుమతీ అడగకుండా, హక్కుగా, ఆటంకం లేకుండా నీరు పారితే ఆ దారిపై పక్క చేనుకు హక్కు ఏర్పడుతుందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టమే చెబుతోంది. కానీ సివిల్ కోర్టులో దావా తేలేలోపు ఎన్ని సార్వాలు మునగాలి? ఇక స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే చట్టం, రెరా సంగతి. 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పన్నెండున్నర సెంట్లకు కాస్త లోపే, దాటిన లే అవుట్‌ను అమ్మకానికి ముందే నమోదు చేయించాలి. కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. రైతు పేరుమీద విడివిడి దస్తావేజులతో అమ్ముకుపోతే ఈ రెండూ ఎవరికి వర్తింపజేస్తారు?

నిబంధన ప్రకారం నేల వదిలి, అనుమతి కోసం నెలల తరబడి తిరిగి, వడ్డీ భరించే వ్యాపారులూ ఉన్నారు. అడ్డదారిన గజం చవగ్గా అమ్మేవాడి పక్కన వాళ్లు నిలబడలేకపోతున్నారు. అనధికార లే అవుట్లను 2020 నిబంధనల మాదిరిగా రుసుముతో క్రమబద్ధీకరించినప్పుడల్లా నష్టపోయేదీ వాళ్లే.

పొలాన్ని వ్యవసాయేతర వినియోగానికి మార్చే దశలోనే బోదెలు, తూములు గీసిన పటం అడగాలన్నది మా డిమాండు. దానిపై డ్రెయిన్ల ఇంజినీరుతో పాటు, 1997 చట్టంతో ఏర్పడిన రైతుల నీటి సంఘం సంతకం కూడా ఉండాలి. అంతే వెడల్పున మరో దారి చూపకుండా బోదె మూయనివ్వకూడదు. ఇప్పటికే మూసిన చోట అది తెరిచేదాకా క్రమబద్ధీకరణ దరఖాస్తు ముట్టుకోకూడదు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేసే వేసవి రోజుల్లో సర్వేయర్లు పొలం పటాలు పట్టుకుని వెంచర్ల వెంట నడవవచ్చు. పోయిన బోదెల జాబితాను సర్వే నంబర్లతో సహా సార్వా నీళ్లు వదలకముందే గ్రామ సచివాలయాల గోడకు అంటించాలి.