బ్రెజిల్‌లో రంగు గొడవ లేదనే వాళ్లకి

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ వచ్చిందంటే చాలు, "బ్రెజిల్‌లో అన్ని జాతులూ కలిసిపోయాయి, అక్కడ రంగు పట్టింపే లేదు" అని మనవాళ్లు పోస్టులు పెట్టేస్తారు. చదివిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

సావో పాలోలో అపార్ట్‌మెంట్ల లిఫ్ట్ పక్కన ఒక బోర్డు ఉంటుంది. జాతి, రంగు, పుట్టుక, హోదా చూసి ఎవరినీ లిఫ్ట్ ఎక్కనివ్వకుండా ఆపకూడదు, ఆపితే జరిమానా అని. 1996లో నగరం చట్టం చేసి మరీ పెట్టించింది. ఆ భవనాల్లో ఇంటివాళ్లకి ఒక లిఫ్ట్, పనివాళ్లకీ సామాన్లకీ ఇంకోటి. నల్లగా ఉన్న మనిషి కనిపిస్తే, ఆవిడ అక్కడ ఫ్లాట్ ఓనరే అయినా సరే, రెండో లిఫ్ట్ చూపించే అలవాటు పోకపోతేనే కదా ఆ చట్టం తేవాల్సి వచ్చింది!

ఆ అలవాటు ఊరికే రాలేదు. దాదాపు 50 లక్షల మంది ఆఫ్రికన్లని బానిసలుగా దింపిన దేశం అది. అమెరికా ఖండాల్లో అందరికంటే ఆఖరున, 1888లో, బానిసత్వం రద్దు చేసింది. విడుదలైన వాళ్లకి సెంటు భూమి ఇవ్వలేదు. యూరప్ నుంచి వచ్చే తెల్లవాళ్లకి మాత్రం ఓడ ఖర్చులు పెట్టుకుని మరీ పిలిచింది. 1911లో లండన్‌లో జరిగిన ప్రపంచ జాతుల సభలో బ్రెజిల్ ప్రతినిధి లాసెర్డా, వందేళ్లలో తమ దేశంలో నల్లవాళ్లు కనుమరుగైపోతారని చెప్పాడు. అంటే "కలిసిపోవడం" అన్నది అప్పటి పెద్దల లెక్కలో నల్లరంగుని కడిగేసే పథకం. 2022 జనాభా లెక్కల్లో మిశ్రమ జాతి వాళ్లు 45.3 శాతం, నల్లవాళ్లు 10.2 శాతం. ఎవరూ కనుమరుగవలేదు.

వాళ్ల కళలు మాత్రం దేశానికి కావాలి. 1890 శిక్షాస్మృతి ప్రకారం వీధిలో కపోయెరా (బ్రెజిల్ నల్లవాళ్ల నృత్యంలాంటి యుద్ధకళ) ఆడితే జైలు. ఇప్పుడదే జాతీయ గర్వం.

గెలిస్తే మనవాడు, ఓడితే నల్లవాడు. 1950 వరల్డ్ కప్‌లో మారకానా స్టేడియంలో ఉరుగ్వే చేతిలో 2-1తో ఓడినప్పుడు నింద మొత్తం నల్లజాతి గోల్‌కీపర్ బార్బోసా మీద పడింది. 2000లో చనిపోయేదాకా ఆయన్ని వదల్లేదు. వరల్డ్ కప్‌లో మళ్లీ నల్లజాతి మనిషి ప్రధాన గోల్‌కీపర్ అయ్యింది 2006లో, డిడా. ఆ మధ్యలో అన్నేళ్లూ అంత పెద్ద దేశానికి ఒక్కడు దొరకలేదంటే నేను నమ్మను.

2012లో కేంద్ర విశ్వవిద్యాలయాల్లో కోటా చట్టం వచ్చినప్పుడు, "ఇంత కలగాపులగం దేశంలో ఎవరు నల్లవాడో ఎలా తేలుస్తారు?" అని గోల చేశారు. లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్‌కి రాని సందేహం సీటు ఇచ్చేటప్పుడే ఎందుకొస్తుంది? మన దగ్గర "ఇప్పుడు కులం ఎక్కడుంది?" అని అడిగేవాళ్ల గొంతు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. తెల్లవాళ్లు కొందరు అబద్ధం చెప్పి కోటా సీట్లు కొట్టేస్తుంటే, ముఖం చూసి తేల్చే కమిటీలు పెట్టాల్సి వచ్చింది. అలా చూడటం ఇబ్బందికరమే, ఒప్పుకుంటాను. అయినా ఆ కమిటీలు ఉండాల్సిందే. 2023లో ఆ చట్టాన్ని సవరించి, తప్పించుకున్న బానిసలు కట్టుకున్న క్విలొంబో పల్లెల వారసులకి కూడా వాటా ఇచ్చారు. బానిసత్వం పోయిన 135 ఏళ్లకి!